రెండువైపులా మగపెళ్ళివారే: ఒక మందిరంలో డిజిటల్ పియానో కలిపిన కథ

ఫోన్లో ఆ అబ్బాయి చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అన్నా, పియానో కొత్తదే గానీ సౌండు డొల్లగా వస్తోంది. ల్యాప్‌టాప్ పెడితే గుయ్యిమంటోంది. పాత కీబోర్డుకి కలుపుదామంటే ఏ వైరూ ఎక్కట్లేదు. శనివారం ఒకసారి రండన్నా, ఆదివారం ఆరాధన ఉంది."

తెనాలి దగ్గర ఒక ఊరు. మందిరంలో రెండు వందల మంది పడతారు. నేను విజయవాడలో కీబోర్డుల రిపేరు, సౌండ్ సెటప్పులు చేస్తాను. ఇలాంటి ఫోన్లు నెలకి రెండు మూడు వస్తుంటాయి, వెళ్ళి చూస్తే చాలాసార్లు ఒకే ఒక్క తప్పు ఉంటుంది. ఇక్కడ నాలుగైదు తప్పులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అందుకే ఈ కేసు వివరంగా రాయాలనిపించింది.

ఉన్న సామాను ఇది. హైదరాబాద్‌లో స్థిరపడిన ఆ ఊరి కుటుంబం ఒకటి కొనిచ్చిన 88 కీల పోర్టబుల్ డిజిటల్ పియానో. దాని వెనక హెడ్‌ఫోన్ జాక్, పెడల్ జాక్, అడాప్టర్ రంధ్రం, ఒక చదరపు యూఎస్‌బీ రంధ్రం. అంతే, మిక్సర్‌కి శబ్దం పంపడానికి విడిగా లైన్ అవుట్ లేదు. పక్కనే పదిహేనేళ్ళ నాటి 61 కీల కీబోర్డు, దానికి గుండ్రటి అయిదు పిన్నుల మిడి ఇన్, మిడి అవుట్ ఉన్నాయి (మిడి అంటే వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష). ఒక రిథమ్ ప్యాడ్, పన్నెండు ఛానళ్ళ మిక్సర్, హాలుకి రెండు సౌండ్ బాక్సులు, ఆ అబ్బాయి సొంత ల్యాప్‌టాప్. వాళ్ళకి కావలసింది చిన్నదే: పియానో మీద వాయిస్తుంటే పాత కీబోర్డులోని స్ట్రింగ్స్ కూడా వెనక మోగాలి, రెండూ హాల్లో శుభ్రంగా వినపడాలి.

ముందు కాగితం

వెళ్ళగానే వైర్లు ముట్టుకోలేదు. పాటల పుస్తకంలోంచి ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, ఆ అబ్బాయి చేతే ఒక్కో పరికరానికి ఒక్కో డబ్బా గీయించాను. "శబ్దం పోయే వైరు ఎర్ర పెన్నుతో, సమాచారం పోయే వైరు నీలం పెన్నుతో గియ్యి. ఎటు నుంచి ఎటు పోతోందో బాణం పెట్టు" అన్నాను. అన్నీ ఎర్రగానే గీశాడు.

అసలు చిక్కు అక్కడే ఉంది. మిడి వైర్లో శబ్దం పోదు. ఏ కీ నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, పెడల్ తొక్కారా లేదా, ఇవి మాత్రమే అంకెలుగా పోతాయి. నడిమి 'సి' నొక్కితే 60 అనే అంకె, దానితోపాటు ఎంత బలంగా నొక్కారో చెప్పే 1 నుంచి 127 దాకా ఇంకో అంకె. పియానో మొట్టమొదటి కీ 21, చిట్టచివరి కీ 108. స్వరాలు రాసిన కాగితం పక్కింటికి పంపడం లాంటిది ఇది. కాగితం పాడదు, అవతలివాడు చదివి తన గొంతుతో పాడాలి. శబ్దం కావాలంటే, ఆ పాడేవాడి నోటి దగ్గర్నుంచి మిక్సర్‌కి వేరే వైరు వెయ్యాలి.

"అయితే పాత కీబోర్డు నుంచి కూడా మిక్సర్‌కి వైరు వెయ్యాలా అన్నా?" అన్నాడు. వెయ్యలేదు మరి. పియానోని దానికి కలిపేస్తే దాని స్ట్రింగ్స్ పియానో స్పీకర్లోంచి వస్తాయనుకున్నాడు. చాలామంది ఇలాగే అనుకుంటారు, తప్పు పట్టాల్సిన పని లేదు. అమ్మేవాళ్ళు కూడా "కనెక్ట్ అవుతుంది సార్" అంటారు గానీ ఏది దేనికి కనెక్ట్ అవుతుందో చెప్పరు.

రబ్బరు బ్యాండు

ఇక డొల్ల శబ్దం సంగతి. పియానో హెడ్‌ఫోన్ జాక్ నుంచి మిక్సర్‌లోకి ఒక వైరు ఉంది. వాయించమన్నాను. నడిమి స్వరాలు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టున్నాయి, ప్రతిధ్వని మాత్రం దండిగా ఉంది. నేను మిక్సర్ దగ్గరికి వెళ్ళేలోపు ఆ అబ్బాయి పరుగెత్తుకొచ్చి, "ఉండండన్నా, దీనికో కిటుకుంది" అని మిక్సర్‌లో దిగిన జాక్‌ని ఒక 'టిక్' మేర బయటికి గుంజాడు. పియానో ఒక్కసారిగా నిండుగా మోగింది. జాక్ మళ్ళీ లోపలికి జారిపోకుండా దానికీ పక్క నాబ్‌కీ కలిపి ఒక రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. రెండు నెలలుగా మందిరం ఆ రబ్బరు బ్యాండు మీదే నడుస్తోందట.

నాకు నవ్వొచ్చింది గానీ, ఆ కిటుకు వెనక లెక్క పక్కాగా ఉంది. హెడ్‌ఫోన్ జాక్ స్టీరియో: మొన మీద ఎడమ శబ్దం, నడిమి రింగు మీద కుడి శబ్దం, మొదట్లో ఎర్త్. మిక్సర్ ఛానల్‌లో ఉన్నది కూడా చూడ్డానికి అదే జాకే గానీ, అది బ్యాలెన్స్‌డ్ మోనో. మొన మీద వచ్చినదాంట్లోంచి రింగు మీద వచ్చినదాన్ని తీసివేయడం దాని పని. పొడవాటి వైర్లలో దూరిన గోల రెండింటి మీదా సమానంగా ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది, దానికోసమే ఆ ఏర్పాటు. స్టీరియో పియానోని అందులో గుచ్చితే ఎడమలోంచి కుడి తీసివేస్తుంది. రెండింటిలో ఉమ్మడిగా ఉన్నది, అంటే పియానో గుండెకాయ అంతా, కొట్టుకుపోతుంది. మిగిలేది అంచులూ, ప్రతిధ్వనీ. జాక్ ఒక మెట్టు బయటికి వస్తే మిక్సర్ మొన కాంటాక్టు పియానో రింగుని తాకుతుంది, మిక్సర్ రింగు కాంటాక్టు ఎర్త్‌ని తాకుతుంది. కుడి శబ్దంలోంచి సున్నా తీసివేత. అందుకే నిండుగా వినపడింది.

పరిష్కారం చిన్నది. ఒక చివర స్టీరియో జాక్, రెండో చివర విడివిడిగా రెండు మోనో జాకులు ఉన్న వై కేబుల్. ఆ రెండు మోనోలూ ఒక స్టీరియో డీఐ బాక్సులోకి (వాయిద్యం శబ్దాన్ని మైకు వైరు మీద పోయేలా మార్చే డబ్బా), అక్కడి నుంచి రెండు మైకు వైర్ల మీద మిక్సర్‌కి. నా బ్యాగులో ఒకటుంటే అప్పుడే పెట్టేశాను. ఎడమ, కుడి రెండూ తెచ్చి హాల్లో విన్నాక ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ఆ హాలు రెండు బాక్సుల్లోనూ ఒకే శబ్దం వస్తుంది, అంటే మోనో. స్టీరియో పియానోని అలా కలిపేస్తే నడిమి స్వరాల మీద సన్నటి మసక పడుతోంది. ఎడమది ఒక్కటే వింటే తేటగా ఉంది. కుడి ఛానల్ ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) పూర్తిగా దించేసి, దాని మీద తెల్ల టేపు అంటించాను. స్టీరియో పియానోకి ఇది అన్యాయమే. కానీ నాలుగో వరసలో కూర్చున్న పెద్దావిడకి కావలసింది పాట పల్లవి స్పష్టంగా వినపడటం.

పియానో వాల్యూమ్ నాబ్ మూడింట రెండు వంతుల దగ్గర పెట్టి అక్కడ గీత గీశాను. హెడ్‌ఫోన్ అవుట్ కాబట్టి ఆ నాబ్ కదిలితే హాలంతా కదులుతుంది. ఇంకో ఇబ్బంది: ఆ జాక్‌లో ఏది దిగినా పియానో సొంత స్పీకర్లు ఆగిపోతాయి. "నేను వాయించేది నాకే వినపడట్లేదన్నా" అని అతని మరో ఫిర్యాదు. కొన్ని మోడళ్ళలో జాక్ ఉన్నా స్పీకర్లు మోగేలా ఒక సెట్టింగ్ ఉంటుంది. ఇందులో లేదు. మూలనున్న పాత మానిటర్ బాక్సుని మిక్సర్ ఆక్స్ (హాలుతో పనిలేకుండా విడిగా శబ్దం పంపే దారి) నుంచి అతని కాళ్ళ దగ్గరికి లాగాం.

గుయ్యిమనడం

ల్యాప్‌టాప్ యూఎస్‌బీతో పియానోకి కలిపితే హాలంతా హమ్మింగ్. అక్కడున్న ఒక పెద్దాయన సలహా సిద్ధంగా ఉంచారు: "ఛార్జర్ మూడో పిన్ను పీకేస్తే పోద్ది, మా టెంట్ హౌస్ వాళ్ళు అలాగే చేస్తారు."

నిజమే, పోతుంది. ఎప్పుడో ఒకరోజు మైకు పట్టుకున్న మనిషి కూడా పోవచ్చు. ఎర్త్ పిన్ను తీసేసిన సెటప్పులో మైకు పెదవికి తగిలి షాక్ కొట్టిన కేసులు నేను చూశాను. ఆ పని నేను చెయ్యను, చేసిచ్చిన చోట మళ్ళీ పని ఒప్పుకోను.

ఛార్జర్ ప్లగ్గు తీసి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపించాను. హమ్మింగ్ ఆగిపోయింది. ప్లగ్గు పెట్టగానే మళ్ళీ మొదలు. రోగం తేలిపోయింది: ఛార్జర్ ఎర్త్ నుంచి ల్యాప్‌టాప్‌కి, అక్కడి నుంచి యూఎస్‌బీ వైరు మీదుగా పియానోకి, పియానో నుంచి ఆడియో వైరు తొడుగు మీదుగా మిక్సర్‌కి, మిక్సర్ నుంచి మళ్ళీ గోడలోని ఎర్త్‌కి. ఎర్త్‌లో ఒక వలయం తయారైంది. ఆ వలయంలో కరెంటు తిరిగితే 50 హెర్ట్జ్ మూలుగు వినపడుతుంది. డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న స్విచ్చు ఉంటుంది, అది ఆడియో వైరు తొడుగుని మాత్రమే తెంపుతుంది, గోడలోని ఎర్త్ జోలికి పోదు. అది నొక్కాను. నిశ్శబ్దం.

పాత అయిదు పిన్నుల మిడిలో ఈ బెడద ఉండదు. మిడి ఇన్ దగ్గర ఆప్టో కప్లర్ అనే చిన్న ముక్క ఉంటుంది. వచ్చిన సంకేతం అందులో ఒక దీపాన్ని వెలిగించి ఆర్పుతుంది, అవతల ఒక కన్ను చూసి చదువుకుంటుంది. మధ్యలో కరెంటు దారి లేదు, కనుక ఎర్త్ వలయమూ ఏర్పడదు. 1983 జనవరిలో అమెరికాలోని నామ్ అనే సంగీత వాయిద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్ళ ప్రాఫెట్-600నీ రోలాండ్ జూపిటర్-6నీ ఒక మిడి వైరుతో కలిపి చూపించారు. రెండు పోటీ కంపెనీల వాయిద్యాలు ఒకదాని మాట ఒకటి విన్నాయి. ఆ ప్రమాణం రాసినవాళ్ళు స్టేజి మీద హమ్మింగ్ గురించి అప్పుడే ఆలోచించారు. ఆ పనికి ముఖ్యులైన సీక్వెన్షియల్ డేవ్ స్మిత్, రోలాండ్ ఇకుతారో కాకెహాషీలకి 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు, ఆలస్యంగానైనా. యూఎస్‌బీ వచ్చాక వైరు చవకైంది, సులువైంది, ఆ అడ్డుగోడ మాత్రం పోయింది.

మగపెళ్ళివారు

ఇప్పుడు అసలు కోరిక: పియానో నుంచి పాత కీబోర్డుకి. వాళ్ళు ఆన్‌లైన్లో ఒక యూఎస్‌బీ-మిడి కేబుల్ కొన్నారు, ఒక చివర కంప్యూటర్‌కి పెట్టే యూఎస్‌బీ, రెండో చివర రెండు గుండ్రటి ప్లగ్గులు. దానికో కన్వర్టర్ తగిలించి పియానో చదరపు రంధ్రంలోకి ఎలాగో దింపారు. కేబుల్ మీది లైటు కూడా వెలగలేదు.

వెలగదు. యూఎస్‌బీలో ఎప్పుడూ ఒకరు యజమాని, రెండోవాళ్ళు అతిథి. యజమాని కరెంటిస్తాడు, పలకరిస్తాడు, నువ్వెవరని అడుగుతాడు. పియానో వెనక చదరపు రంధ్రం అతిథిది, ప్రింటర్‌కి ఉండేదీ అదే. ఆ మిడి కేబులూ అతిథే. రెండువైపులా మగపెళ్ళివారే అయితే ఎదురుకోలు చేసేదెవరు? ఇద్దరూ విడిది గుమ్మంలో నిలబడి ఎదుటివాళ్ళు హారతి పట్టుకొస్తారని చూస్తున్నారు.

దారులు రెండు. ఒకటి, ల్యాప్‌టాప్‌ని మధ్యలో యజమానిగా కూర్చోబెట్టడం. పియానో యూఎస్‌బీ ల్యాప్‌టాప్‌లోకి, వాళ్ళు కొన్న ఆ కేబులే ల్యాప్‌టాప్ నుంచి పాత కీబోర్డు మిడి ఇన్‌కి. పైసా ఖర్చు లేదు. రెండోది, యూఎస్‌బీ మిడి హోస్ట్ అనే అరచేతిలో పట్టే డబ్బా. దాని పని యజమానిగా ఉండటమే. ఫోన్ ఛార్జర్‌తో నడుస్తుంది.

నేను రెండోదానికే పట్టుబట్టాను. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి విండోస్ అప్‌డేట్ మొదలైతే ఎవరు ఆపుతారు? ఆ అబ్బాయికి ల్యాప్‌టాప్ వదలడం ఇష్టం లేదు, మొహం చిన్నబుచ్చుకున్నాడు. కానీ ఆరాధన నుంచి ల్యాప్‌టాప్‌ని తప్పించడమే ఈ కేసులో నేను చేసిన పెద్ద రిపేరు అని ఇప్పటికీ అనుకుంటాను.

హోస్ట్ డబ్బా ఆర్డర్ పెట్టే ముందు ఒకటి చూసుకోవాలి. సొంత డ్రైవర్ (తనని గుర్తుపట్టే ప్రత్యేక సాఫ్ట్‌వేర్) అడిగే పియానోలతో ఈ డబ్బాలు పనిచేయకపోవచ్చు. నా ఫోనుకి ఓటీజీ పెట్టి పియానోని కలిపి ఒక ఉచిత పియానో యాప్ తెరిచాను. డ్రైవర్ ఊసు లేకుండా పలికింది. ఇక భయం లేదు.

రెండో శనివారం

డబ్బా వచ్చింది, వెళ్ళాను. గుండ్రటి అయిదు పిన్నుల వైరు తన దగ్గరుందని అబ్బాయి ముందే చెప్పాడు. కలిపితే ఉలుకూ పలుకూ లేదు. వైరు చూస్తే వాళ్ళ నాన్నగారి పాత టేప్ డెక్కుది. ప్లగ్గు అచ్చం అదే, బిగువుగా దిగుతుంది కూడా. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టాను. ఆ ప్లగ్గులో పిన్నుల అంకెలు వరసగా ఉండవు: నడిమిది 2, దాని రెండు పక్కలవి 4, 5, చివరి రెండూ 1, 3. మిడి నడిచేది 4, 5 మీద, తొడుగు 2కి. ఒక చివర 4 మీద ముల్లు పెట్టి రెండో చివర వెతికితే బీప్ చివరి పిన్ను దగ్గర మోగింది. ఆ ఆడియో వైరుని అడ్డంగా అల్లారు. పక్కన పడేసి మామూలు మిడి కేబుల్ వేశాను.

ఈసారి పాత కీబోర్డు పలికింది. స్ట్రింగ్స్ కాదు, ఇంకో పియానో. కీబోర్డు మీద స్ట్రింగ్స్ టోన్ ఎంచుకునే ఉంది, చేత్తో దాని కీలు నొక్కితే స్ట్రింగ్సే వస్తున్నాయి.

మిడిలో పదహారు ఛానళ్ళుంటాయి. కొత్త పియానో 1వ ఛానల్‌లో మాట్లాడుతోంది. ఇలాంటి స్టైల్ కీబోర్డుల్లో బయట నుంచి 1వ ఛానల్ మీద వచ్చినదాన్ని పాట ఫైలులోని మొదటి వాయిద్యంగా తీసుకుని మామూలు పియానో టోన్ ఇవ్వడం కద్దు. మెనూలో మిడి రిసీవ్ అనే చోటికి వెళ్ళి 1వ ఛానల్‌ని కుడిచేతి టోన్‌కి అప్పగించాను. స్ట్రింగ్స్ వచ్చాయి. పాస్టర్ గారు అప్పుడే లోపలికొచ్చి "వందనాలండి, ఇదేనండి మాకు కావలసింది" అన్నారు. ఇంకా సంబరపడకండి అని లోపల అనుకున్నాను.

ఆ అబ్బాయి పియానోలో గ్రాండ్ నుంచి ఎలక్ట్రిక్ పియానోకి మార్చాడు. కీబోర్డులో స్ట్రింగ్స్ కూడా వేరే ఏదో టోన్‌గా మారిపోయాయి. టోన్ మార్చినప్పుడు పియానో 'ప్రోగ్రామ్ చేంజ్' అనే మాట కూడా బయటికి పంపుతుంది, అవతలిది బుద్ధిమంతురాలిలా పాటిస్తుంది. కీబోర్డు మిడి మెనూలో ఆ మాటని వినొద్దని ఆఫ్ చేశాను. వెంటనే ఇంకోటి: పెడల్ తొక్కి వాయిస్తే స్ట్రింగ్స్ ఒకదాని మీద ఒకటి పేరుకుని పాకం ముదిరినట్టు అవుతున్నాయి. పియానో స్వరం తనంతట తాను చల్లారుతుంది, స్ట్రింగ్స్ చల్లారవు, పెడల్ వదిలేదాకా నిలబడతాయి. ఇది సెట్టింగ్ కాదు, కాలు నేర్చుకోవాల్సిన పని. ప్రతి కార్డుకీ పెడల్ మార్చమని చెప్పి, స్ట్రింగ్స్ ఫేడర్‌ని సగానికి తగ్గించాను.

రెండూ కలిసి మోగుతుంటే ఒక అల కూడా వినపడుతోంది, వ్వ వ్వ వ్వ అని. పాత కీబోర్డు ట్యూనింగ్ చూస్తే 'ఏ' స్వరం 443 హెర్ట్జ్ దగ్గరుంది. ఎప్పుడో హార్మోనియంకి కలపడానికి జరిపారట. పియానో 440. 'ఏ' స్వరం మీద సెకనుకి మూడు అలలు లెక్క సరిపోయింది. 440కి దించాను.

ట్రాన్స్‌పోజ్

దీని గురించి ఆ అబ్బాయి అడగలేదు. నేనే ఆపి అడిగాను, ఎందుకంటే మన దగ్గర ట్రాన్స్‌పోజ్ బటన్ లేకుండా వాయించే కీబోర్డిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. పాడేవాళ్ళు మారితే శ్రుతి మారుతుంది. 'సి'లో అలవాటైన వేళ్ళు 'సి'లోనే ఉంటాయి, బటన్ రెండు సార్లు నొక్కితే శబ్దం 'డి'కి వెళుతుంది.

ఈ పియానో ట్రాన్స్‌పోజ్ చేసిన అంకెనే బయటికి పంపుతోంది, అంటే 60 నొక్కితే 62 వెళుతోంది. కొన్ని వాయిద్యాలు అలా పంపవు, అందుకే ఎప్పుడూ నొక్కి చూడాలి. అతని అలవాటు ప్రకారం పాట మొదలయ్యే ముందు రెండింటి మీదా ప్లస్ టూ నొక్కితే, పియానో 'డి'లో, స్ట్రింగ్స్ 'ఈ'లో. నొక్కి చూపించాను. వెనక కూర్చున్న పిల్లలు చెవులు మూసుకున్నారు. అప్పటి నుంచి పాత కీబోర్డు ట్రాన్స్‌పోజ్ బటన్ మీద ఎర్ర టేపు ఉంది.

రిథమ్ ప్యాడ్‌ని కూడా టెంపో కోసం కలపొచ్చా అని అడిగారు. కలపొచ్చు, వద్దన్నాను. ప్యాడ్ వాయించేవాడు మనిషి, పాటతో పాటు సాగుతాడు.

ల్యాప్‌టాప్ పూర్తిగా బయటికి పోలేదు. వారం మధ్యలో రికార్డింగ్‌కి వాడతాడు. అందులో రెండు చిక్కులు సరిచేశాను. ఒకటి, కీ నొక్కితే ప్రతి స్వరం రెండుసార్లు పడి రేకు డబ్బాలా మోగుతోంది. పియానో పంపిన అంకెల్ని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తిరిగి పియానోకే పంపుతోంది. పియానో తన వేలికి ఒకసారి, వచ్చిన అంకెకి ఒకసారి మోగుతోంది. సాఫ్ట్‌వేర్‌లో అవుట్‌పుట్‌గా ఉన్న పియానోని తీసేశాను. పియానోలో లోకల్ కంట్రోల్ (కీలకీ దాని సొంత శబ్దానికీ మధ్య లంకె) ఆఫ్ చేసినా సరిపోయేది, కానీ అది ఆఫ్‌లో ఉన్న సంగతి మరిచిపోయి "కీలు చచ్చిపోయాయి" అని ఫోన్ చేసినవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. రెండోది ఆలస్యం. మామూలు విండోస్ డ్రైవర్‌తో నొక్కిన చాలాసేపటికి శబ్దం వస్తోంది. ఆలస్యం తగ్గించే ఆసియో డ్రైవర్ వేసి బఫర్‌ని (శబ్దాన్ని పోగుచేసి పంపే ముక్క) 128 శాంపిళ్ళకి దించాను, సెకనుకి 44,100 శాంపిళ్ళ రేటు దగ్గర ఆ ఒక్క బఫర్ మూడు మిల్లీసెకన్ల లోపే. శబ్దం గాలిలో మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది, కాబట్టి స్పీకర్ మీటరు దూరం జరిగినట్టు.

డీఐ, హోస్ట్ డబ్బా, వైర్లు అన్నీ కలిపి పదివేల లోపు అయింది. కొత్త కీబోర్డు కొనాలని అప్పటికే కమిటీలో చందా మొదలుపెట్టారట.

మూడు వారాల తర్వాత ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ఫోన్. "అన్నా, స్ట్రింగ్స్ రావట్లేదు. పియానో వస్తోంది." హోస్ట్ డబ్బా లైటు వెలుగుతోందా చూడమన్నాను. లేదన్నాడు. దాని ఛార్జర్ బోర్డుకి ఉందా అని అడిగాను. అటు వెళ్ళిన అడుగుల చప్పుడు వినపడింది.

"ఛార్జర్ ఉందన్నా. దాని వైరు మన డబ్బాకి కాకుండా ఎవరిదో ఫోనుకి పెట్టుంది."

"ఎవరిదిరా?"

కాసేపు పలకలేదు. తర్వాత గొంతు తగ్గించి, "పాస్టర్ గారిదన్నా" అన్నాడు.